ఈసారి సూట్‌కేసు ఆయనే సర్దుకున్నారు

వేసవి సెలవులంటే మీకేం గుర్తొస్తుంది? ఆవకాయ, మామిడిపళ్లు, పుట్టింటి ప్రయాణం... అంతేగా! నాకు మాత్రం మంచం మీద నోరు తెరుచుకుని పడివున్న సూట్‌కేసు గుర్తొస్తుంది. పెళ్లయిన దగ్గర్నుంచీ మావారి బట్టలు సర్దేది నేనే. బనీన్లు ఏ అరలో ఉంటాయో కూడా ఆయనకు తెలియదంటే నమ్మండి.

మేముండేది గచ్చిబౌలిలో. ఇక్కడి ఉద్యోగాల సంగతి చెప్పేదేముంది! కారులో ఏసీ, ఆఫీసులో ఏసీ, పడకగదిలో ఏసీ. ఏడాది పొడుగునా ఎండ ముఖం చూడని ఒంటిని మే నెలలో సముద్రం ఒడ్డున నిలబెడితే ఊరుకుంటుందా? పోయినేడు విశాఖపట్నంలో అదే అయింది. సన్‌స్క్రీన్ రాసుకోండి మహాప్రభో అంటే, "ఆడవాళ్ల పూతలు నాకెందుకోయ్! అయినా మబ్బుగా ఉందిగా" అన్నారు. మల్లు లాల్చీ వేసుకుని పదకొండు నుంచి రెండింటిదాకా ఋషికొండ బీచిలో పిల్లలతో కేరింతలు. సాయంత్రానికి మెడ, భుజాలు కందగడ్డలా అయిపోయాయి. రాత్రికి జ్వరం. మర్నాటి అరకు ప్రయాణం కాస్తా గోవిందా. పక్కగదివాళ్లు టూత్‌పేస్టు రాయమని ఒకరు, నిమ్మరసం రాయమని ఒకరు! ఆ పని మాత్రం చేయకండి. చన్నీళ్లలో ముంచిన గుడ్డ, తాగడానికి పల్చటి మజ్జిగ, బాగా బొబ్బలెక్కితే డాక్టరు, అంతే. నిమ్మరసం పూసుకుని ఎండలోకి వెళితే ఒళ్లు కాలి, నల్లమచ్చలు పడతాయి.

తర్వాత డాక్టరుగారు చెప్తే తెలిసింది. పల్చటి మబ్బుల్లోంచి అతినీలలోహిత కిరణాలు 80 శాతం దాకా దిగి వస్తాయట. ఇసుక 15 శాతం, సముద్రపు నురుగు 25 శాతం మనమీదికే తిప్పికొడతాయి. గొడుగు కింద కూర్చున్నా పూర్తిగా తప్పించుకోలేం. ఇక ఆ తెల్ల లాల్చీ! చల్లగా ఉంటుందని నేనే పెట్టాను. పల్చటి తెల్లబట్ట కిరణాలను బాగానే లోపలికి వదులుతుంది, తడిస్తే మరీను. అందుకే ఈసారి మాదాపూర్ శిల్పారామానికి వెళ్లి, చిక్కటి నేతవి, ముదురు నీలంవి, వదులైన పొడుగు చేతుల నూలు చొక్కాలు రెండు తెచ్చాను. కొనేముందు వెలుగుకు ఎత్తి పట్టి చూడండి. అవతలి మనిషి కనబడితే అక్కడే వదిలేయండి.

తెచ్చి మంచం మీద పెట్టి, "సూట్‌కేసు మీరే సర్దుకోండి" అన్నాను. కోపంతో కాదు లెండి. మొన్న మా అబ్బాయికి ఎస్.పి.ఎఫ్. 30 ట్యూబు ఇస్తే, "నాన్న రాసుకోరుగా, నాకెందుకు?" అన్నాడు. పద్నాలుగేళ్లవాడు. నా గుండెలో కలుక్కుమంది.

ఆయన సర్దుకున్నది చూడాలి మీరు! జీన్సు ప్యాంట్లు నాలుగు, బూట్లు రెండు జతలు, చార్జర్లు గుప్పెడు, తువ్వాలు సున్నా. పవర్ బ్యాంకు కూడా అందులోనే పెట్టారు. విమానంలో దాన్ని చేతిసంచిలోనే తీసుకెళ్లాలి. మా విమానంలో మనిషికి 15 కిలోలే. తూకం వేస్తే 18! జీన్సు రెండు తీసి, లుంగీ, టోపీ పెట్టారు. "ఏమోయ్, బనీన్లెక్కడ?" అన్నారు. "రెండో అరలో" అన్నాను గానీ లేవలేదు.

మళ్లీ ఋషికొండే. ఈసారి పొద్దున్నే బయల్దేరాం, పదింటికల్లా నీడకు చేరాలని. అద్దం ముందు తండ్రీకొడుకులిద్దరూ. రెండు వేళ్ల పొడుగున క్రీము పిండి ముఖానికీ మెడకూ రాసుకోవాలని, రెండు గంటలకోసారి, నీళ్లలోంచి రాగానే మళ్లీ రాయాలని ఆయనే వాడికి చెబుతున్నారు, తనే కనిపెట్టినట్టు! నేను మాట్లాడితే ఒట్టు.

తీరా చూస్తే ఇద్దరూ చెవులు మరిచిపోయారు.