కంచం ముందు రెండు భయాలు

మా అశోక్ చౌక్‌లో ఆడపిల్ల రెండు పూటలు అన్నం మానితే ఇరుగుపొరుగు సయితం అడుగుతారు. మగపిల్లవాడు మానితే అలిగాడంటారు, లేదా ఉపవాసమంటారు. మేమూ అట్లే అనుకొన్నాము.

మా తమ్ముడు చద్దర్ల కార్ఖానాలో సాంచాలు నడిపేవాడు. కొంచెం బొద్దుమనిషి. తోటివాళ్ళు వేళాకోళం చేసేవారు. ఇరవై రెండో ఏట రొట్టె సగానికి తగ్గించాడు. కొన్నాళ్ళకు తనలో తాను మాట్లాడుకోసాగాడు. ఒకనాడు అవ్వ పెట్టిన కంచం నెట్టివేసి, "అన్నంల మందు పెట్టిండ్రు. నేను తిన" అన్నాడు.

మందు పెట్టడమన్న నమ్మకం మన పెద్దలు తెలంగాణం నుండి మగ్గంతోపాటు తెచ్చుకొన్నదే. కనుక మాకది జబ్బు మాటగా వినిపించలేదు. మందు కక్కించేవాని వద్దకు తీసుకొనిపోయాము. అతడేదో పసరు తాగించి కక్కించి, "పోయింది" అన్నాడు. పోయినది మా తమ్ముని బలమే.

తుదకు సర్కారు దవాఖానకు పోయాము. ఎవరూ లేకుండానే మాటలు వినబడటం, విషం పెట్టారన్న అనుమానం మనోవ్యాధి లక్షణాలన్నారు. మాత్రలతో రెండు నెలలలో అనుమానం తగ్గింది. కంచం ఖాళీ కాసాగింది. అవ్వ మార్కండేయునికి కొబ్బరికాయ కొట్టింది. అయినా మనిషి చిక్కిపోతూనే ఉన్నాడు. ఒక రాత్రి మోరీ వద్ద గొంతులో వేలు పెట్టుకొని కక్కుతూ కనబడ్డాడు.

డాక్టరుగారు మరాఠీలో ఒక్క ప్రశ్న అడిగారు: ఇప్పుడు నీ భయం అన్నంలో విషముందనా, ఒళ్ళు పెరుగుతుందనా? తమ్ముడు అవ్వ వైపు చూసి, "ఒళ్ళొస్తదనే అవ్వా. ఈ గోలీలతోటి ఆకలి ఆగుతలేదు" అన్నాడు.

ఆ భయం మొదటినుండీ ఉన్నదే. మేమే చూడలేదు. మనోవ్యాధికిచ్చే మాత్రలలో కొన్ని ఆకలిని, బరువును పెంచుతాయి. దానికి జంకి మాత్ర మానితే పాత అనుమానం తిరిగి వస్తుంది. తిన్నది కక్కుతూంటే రక్తంలో పొటాషియం తగ్గి గుండెకు ముప్పు. అందుచేత డాక్టరుగారు రక్తపరీక్ష చేయించి, మాత్ర మార్చి, ఆహారం కొద్దికొద్దిగా పెంచమన్నారు. బాగా ఎండిన శరీరానికి ఒక్కసారిగా దండిగా పెట్టినా ప్రాణాపాయమేనట.

ఇది ఆడవారి జబ్బనుకోవడం పొరపాటు. 1689లో లండను వైద్యుడు రిచర్డ్ మార్టన్ ఇట్టి వ్యాధిని గురించి వ్రాస్తూ చెప్పిన ఇద్దరు రోగులలో ఒకడు 16 ఏళ్ళ బాలుడు. అయినా ముట్లు ఆగడాన్ని ఈ జబ్బుకొక గుర్తుగా అమెరికా మనోవైద్యుల గ్రంథంలో 2013 వరకు ఉంచారు. ఆ గుర్తు మగవానిలో ఎట్లా కనబడుతుంది?

ఇప్పుడు తమ్ముడు మళ్ళీ సాంచాల వద్దకు పోతున్నాడు. పూర్తిగా నయమైందని చెప్పలేము. రాత్రి అవ్వ పక్కన కూర్చొని జొన్నరొట్టె తింటాడు. తిన్న తరువాత అరగంటసేపు మాలో ఎవరో ఒకరం అతనితో కబుర్లాడుతూ కూర్చుంటాము. కాపలా అని అతనికీ తెలుసు. ఒక్కొక్కనాడు నవ్వుతాడు.

మీ ఇంట మగపిల్లవాడు కంచం నెట్టివేస్తే కోపగించకండి, పసరు తాగించకండి. ఏమి భయమో మెల్లగా అడగండి. భయాలు రెండూ ఉండవచ్చు. డాక్టరుకు రెండూ చెప్పండి. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ 14416 నంబరులో మన తెలుగులోనూ మాట్లాడవచ్చు. మాకు ఆలస్యంగా తెలిసినది మీకు ముందుగా తెలియాలని ఇది వ్రాశాము.