కడలి అడుగున నీడల లెక్క

సాయంత్రం ఎండకి కరెంటు స్తంభం నీడ రోడ్డుకి అడ్డంగా పడుతుంది. ఆ నీడ పొడవు, ఎండ వాలు తెలిస్తే స్తంభం ఎత్తు చెప్పేయొచ్చు. పదో తరగతి లెక్క! ఎండ పొడ సోకని సముద్రం అడుగునా ఇదే లెక్క వేస్తారంటే ఆశ్చర్యమే. అక్కడ ఎండ చేసే పని శబ్దం చేస్తుంది.

ఓడ వెనక కేబుల్‌కి కట్టిన పొడుగాటి పరికరం నీళ్లలో సాగుతూ రెండు పక్కలకీ శబ్దాన్ని పంపుతుంది. అదే సైడ్‌స్కాన్ సోనార్. నేలను తాకి తిరిగొచ్చిన ప్రతిధ్వనుల్ని గీత పక్కన గీతగా పేరిస్తే బొమ్మ తయారవుతుంది. ఉప్పునీటిలో శబ్దం వేగం సెకనుకి సుమారు 1500 మీటర్లు. సెకనులో పదో వంతులో ప్రతిధ్వని వచ్చిందంటే రానూపోనూ 150 మీటర్లు. అంటే, వస్తువు 75 మీటర్ల దూరంలో ఉన్నట్టు.

నేల మీద ఏదైనా పొడుచుకుని ఉంటే దాని వెనక్కి శబ్దం చేరదు. బొమ్మలో ఆ మేర ఖాళీగా ఉండిపోతుంది. అదే నీడ. పరికరం నేలకి 20 మీటర్ల ఎత్తులో ఉంది, నీడ చివర దానికి 100 మీటర్ల దూరంలో ఉంది, నీడ పొడవు 10 మీటర్లు అనుకుందాం. పదిని ఇరవైతో హెచ్చవేసి వందతో భాగిస్తే... వస్తువు ఎత్తు 2 మీటర్లు. అంతే!

పొడవుతోనే పేచీ. ఓడ వేగం లెక్క తప్పితే బొమ్మ సాగిపోతుంది, లేదా కుంచించుకుపోతుంది. దూరం వెళ్లేకొద్దీ శబ్దం వెడల్పుగా పరుచుకుంటుంది కాబట్టి చిన్న వస్తువూ పొడుగ్గా కనిపిస్తుంది. అందుకే ఒకే చోటుని వేర్వేరు దిక్కుల నుంచి మళ్లీ మళ్లీ చూస్తారు.

కొలత కుదిరితే దొరికినట్టేనా? కాదు. 2014 మార్చి 8న 239 మందితో అదృశ్యమైన మలేషియా విమానం ఎంహెచ్370 కోసం దక్షిణ హిందూ మహాసముద్రాన్ని సోనార్‌తో గాలించారు. 2015 మేలో సుమారు 3900 మీటర్ల లోతున అనుమానించదగ్గ గుర్తులు కనిపించాయి. తీరా కెమెరా పంపితే... లంగరు బయటపడింది. అదేదో పాతకాలపు ఓడ! ఎదురుచూస్తున్న కుటుంబాలకి మళ్లీ నిరాశే.

అలాంటి ఎదురుచూపు విశాఖపట్నానికీ తెలుసు. 2016 జులై 22న చెన్నై దగ్గరి తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి బయల్దేరిన వాయుసేన విమానం ఏఎన్-32 బంగాళాఖాతం మీద మాయమైంది. అందులో ఉన్న 29 మందిలో 8 మంది విశాఖ నావికాదళ ఆయుధాగారం ఉద్యోగులు. ఓడలూ విమానాలూ ఎంత వెతికినా ఆచూకీ లేదు.

ఏడున్నరేళ్లు గడిచాయి. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, మనుషులు లేకుండా నీటి అడుగున తిరిగే వాహనాన్ని 3400 మీటర్ల లోతుకి పంపింది. సైడ్‌స్కాన్ కోవకే చెందిన సింథటిక్ అపర్చర్ సోనార్, మల్టీబీమ్ సోనార్, కెమెరా... మూడింటితో గాలించింది. శకలాల చిత్రాలు ఏఎన్-32తో సరిపోలాయి. ఆ ప్రాంతంలో మరే విమానమూ గల్లంతైన దాఖలాలు లేవు. అయినా 2024 జనవరిలో రక్షణశాఖ ‘ఆ విమానానివే కావచ్చు’ అన్నట్టుగానే ప్రకటించింది.

తెర ముందు కూర్చున్నవాళ్లు కొలిచేది లోహపు ముక్కల్ని. ఆ కొలత కోసం కాచుకుని ఉండేది, గోడమీది ఫొటోకి దండ వెయ్యాలో వద్దో తేల్చుకోలేని ఇళ్లు. అందుకే ఎంత సరిపోయినట్టు కనిపించినా తొందరపడి చెప్పరు. మరో దిక్కు నుంచి, మరోసారి కొలుస్తారు.