పప్పుకి ఒత్తు పోయింది

మా అత్తమ్మ పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకానికి వచ్చే ఆడపడుచులకీ తోడికోడళ్ళకీ చీరలు కాకుండా ఇంకేదైనా ఇవ్వాలనిపించింది. అత్తమ్మ చెబుతుంటే నేను పాత డైరీలో రాసుకున్న వంటలు ఎనభై దాకా ఉన్నాయి. చింతచిగురు పప్పు, పచ్చి జీడిపప్పు కూర, వెదురు కొమ్ముల కూర, ఆవకాయ, ముక్కల పులుసు... వాటినే చిన్న పుస్తకంగా వేయిద్దామనుకున్నాను. మావారితో చెబితే "మంచిదే" అన్నారు. ఆయన ఆ మాట అన్నారంటే పని మొత్తం నాదేనని అర్థం!

మా అశ్వారావుపేటలో పామాయిల్ తోట ఉన్న ఇల్లంటే మీకు తెలుసుగా. పొద్దున్నే గెలలు కోసేవాళ్ళకి టీలూ టిఫిన్లూ పంపి, వంట ముగించేసరికి మధ్యాహ్నం ఓ రెండు గంటలు మిగులుతాయి. పెద్దాడు చదువుకునేటప్పుడు వాడి వదిలేసిన లాప్‌టాప్ ఒకటుంది. అందులో అన్నీ డబ్బు కట్టక్కర్లేని సాఫ్ట్‌వేర్లే వేసి ఇచ్చాడు. లేఖినిలో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చేస్తుంది కదా, రెండు నెలలు కూర్చుని అంతా టైపు చేశాను.

తెర మీద ముత్యాల్లా ఉన్న అక్షరాలు పీడీఎఫ్ చేసేసరికి చెదిరిపోయాయి. ఒత్తులన్నీ ఊడి పక్కకొచ్చి నిలబడ్డాయి. "పప్పు" కాస్తా "పప్ పు" అయింది. మొదటి పేజీలో "అత్తమ్మ" అని పెద్దగా పెట్టుకున్నది "అత్ తమ్ మ" అయింది. నిజం చెబుతున్నా, కళ్ళనీళ్ళొచ్చాయి. డీటీపీ షాపు అబ్బాయి చూసి, "మావి అను ఫాంట్లు మేడమ్, ఇదంతా మళ్ళీ మొదట్నించీ కొట్టాల్సిందే" అన్నాడు. సంవత్సరీకం ఇంకా ఇరవై రోజులుంది.

పెద్దాడికి ఫోన్ చేస్తే, "తయారుచేసినవాళ్ళకే రాయమ్మా, సమస్యలు చెప్పడానికి చోటుంది" అన్నాడు. వచ్చీరాని ఇంగ్లీషులో రాశాను. వారం దాకా ఉలుకూ పలుకూ లేదు. తర్వాత ఒకాయన, ఏ వెర్షను, ఏ ఫాంటు, కొత్త వెర్షనులో కూడా ఇలాగే ఉందా అని అడిగాడు. ఇంకొకాయన, ఇది ముందే ఎవరో చెప్పారు అని నా ఫిర్యాదుని మూసేశాడు. ముందు చెప్పినదాని తేదీ చూస్తే మూడేళ్ళ కిందటిది! మళ్ళీ తెరిపించి రెండు బొమ్మలు పంపాను, సరిగ్గా ఉన్నదొకటి, విరిగినదొకటి. దానికి జవాబేమిటో తెలుసా? రెండింటికీ తేడా ఏమిటో తెలియడం లేదట! ఆయనకి తెలుగు రాదు మరి. మనకి గుండె పగిలే తేడా ఆయనకి రెండు ముగ్గుల్లా కనిపించింది. ఎర్ర రంగుతో ఒత్తుల చుట్టూ సున్నాలు చుట్టి పంపాను.

కోపం ఆగలేదు. 2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా" అక్షరం ఐఫోన్లని ఆపేసిందని గుర్తుందా? పేపర్లన్నీ రాశాయి, ఆ నెలలోనే కంపెనీ సరిచేసేసింది. అశ్వారావుపేటలో ఒక ఇల్లాలి పప్పుకి ఒత్తు పోతే ఎవరికి పట్టింది! అదే రాసి, నాలుగు రోజుల్లో సరిచేయకపోతే దండగ అని కూడా రాయబోయాను. పంపేముందు పెద్దాడికి చదివి వినిపించాను.

"అమ్మా, ఆయన జీతానికి చేయడం లేదు. ఉద్యోగం అయ్యాక రాత్రిళ్ళు చేస్తాడు" అన్నాడు.

"నాకు మాత్రం జీతమా?" అన్నాను. అన్నాక నాకే ఎక్కడో తగిలింది.

అప్పుడు వాడు ఒక సంగతి చెప్పాడు. ఎక్స్‌జెడ్ అని ఫైళ్ళు కుదించే చిన్న సాఫ్ట్‌వేరు ఉందట, ప్రపంచంలో లెక్కలేనన్ని కంప్యూటర్లలో ఉంటుంది. దాన్ని ఏళ్ళ తరబడి దాదాపు ఒక్కడే చూసుకున్నాడు, పైసా జీతం లేకుండా. 2022లో, పని ఆలస్యమవుతోందని కొందరు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. మనసు బాగోలేదని ఆయన చెప్పుకున్నా వదల్లేదు. చివరికి సాయం చేస్తానని వచ్చిన ఒకడికి తాళాలు అప్పగిస్తే, వాడు అందులో దొంగదారి పెట్టాడు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటా అని వెతికి పట్టుకున్నాడు. ఒత్తిడి చేసినవాళ్ళు కూడా ఆ దొంగ మనుషులేనని చాలామంది అనుమానం.

ఆ రాత్రి అత్తమ్మే గుర్తొచ్చింది. ఎవరడిగినా పచ్చడి కొలతలు దాచకుండా చెప్పేది. ఒకసారి పక్కింటావిడ బూజు పట్టిన ఆవకాయ జాడీ పట్టుకొచ్చి, "మీరు చెప్పినట్టే పెట్టానండీ" అని గొడవ. అత్తమ్మ తాపీగా, "కాయ తుడిచి ఆరబెట్టావా? ఉప్పు ఎండలో పెట్టావా? గరిటెకి తడి ఉందా?" అని అడిగింది. తప్పు తనదేనంటున్నారని ఆవిడ మూతి ముడుచుకుంది. అత్తమ్మ మాత్రం తప్పెక్కడుందో వెతికింది, అంతే. ఏ వెర్షను, ఏ ఫాంటు అంటే నేనూ ఆ పక్కింటావిడలాగే మూతి ముడుచుకున్నాను కదా!

కాకపోతే ఒకటి. అత్తమ్మ అడిగాక ఆవిణ్ణి కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. ఉచితంగా చేసేవాళ్ళని నిలదీసే హక్కు మనకి లేదు, ఒప్పుకుంటాను. కానీ "చూశాం, ఇప్పుడు కుదరదు" అని ఒక్క మాట చెబితే ఎదురుచూసేవాళ్ళకి ఎంత ఊరట! ఏమీ అనకుండా మూసేయడం తలుపు మొహాన వేసినట్టే ఉంటుంది.

కోపంతో రాసింది చెరిపేశాను. "పప్పు" అనే ఒక్క మాటతో చిన్న ఫైలు చేసి, నమస్కారం పెట్టి పంపాను. వారానికి జవాబొచ్చింది. ఆ ఫాంటుతో పీడీఎఫ్ చేసేటప్పుడే చిక్కట, అప్పటిదాకా వేరే ఫాంటు పెట్టుకోమన్నాడు. పెట్టాను. ఒత్తులన్నీ వెళ్ళి ఎవరి కింద వాళ్ళు బుద్ధిగా కూర్చున్నాయి! కింద ఆయన ఒక ప్రశ్న కూడా రాశాడు, ఆ మాటకి అర్థమేమిటని. వండే విధానంతో సహా రాసి పంపాను.

అప్పటికి సంవత్సరీకం అయిపోయింది. ఆడపడుచులకి నా డైరీ పేజీలే జిరాక్స్ తీసి, దారంతో కుట్టి ఇచ్చాను. పుస్తకం ఇప్పుడు వేయిస్తున్నాను. అసలు చిక్కు ఇంకా అలాగే ఉంది. సరిచేశాక ఒత్తులు సరిగ్గా వచ్చాయో లేదో చూడడానికి తెలుగు చదివే కళ్ళు కావాలన్నారు, నేను చూస్తానన్నాను. మీలో ఎవరికైనా మధ్యాహ్నం ఓ గంట దొరికితే మీరూ రండి.

నిన్న మావారు భోజనాల దగ్గర, "పప్పు ఏదోలా ఉంది" అన్నారు.

"ఏదోలా అంటే కుదరదండీ. ఉప్పా, కారమా? మొదటి ముద్దలోనా, చివరి ముద్దలోనా? నిన్నటి పప్పులో కూడా ఉందా?" అన్నాను.

మారు మాట్లాడకుండా తినేశారు!