మన ముఖాలు నల్లగా పడటం ఎవరి తప్పు?

"మనం నల్లోళ్ళం, ఫోటోలో అంతేలే" అని మన హాస్టల్లో ఒక మాట ఉంది. మొన్న కొత్తగా సున్నం కొట్టిన గోడ ముందు సైన్సు సార్ డిజిటల్ కెమెరాతో తరగతి ఫోటో తీసినప్పుడూ అదే అన్నారు. నిజమే, కళ్ళూ పళ్ళూ తప్ప ఏమీ కనపడలేదు. కానీ ఆ మాట నేను ఒప్పుకోను మిత్రులారా.

ఆ కెమెరాకి గోడేదో మనిషేదో తెలీదు. లోపలున్న లైట్ మీటరు ఎదురుగా వచ్చే వెలుగంతా కొలిచి, మొత్తం మీద నలుపుకీ తెలుపుకీ మధ్య బూడిద రంగులా వచ్చేట్టు సర్దేస్తుంది. ఆ బూడిద రంగు తన మీద పడిన వెలుగులో సుమారు 18 శాతం వెనక్కి పంపుతుందని లెక్క. సున్నం గోడ అంతకన్నా ఎంతో ఎక్కువ పంపుతుంది. దాంతో కెమెరా "అబ్బో, వెలుగెక్కువైంది" అనుకుని తగ్గించేస్తుంది. గోడతోపాటు మనమూ మునిగిపోతాం!

మందు సులువే. ప్లస్, మైనస్ గుర్తులున్న బటన్ నొక్కి +1 పెడితే వెలుగు రెండింతలవుతుంది. సార్ అలా పెట్టి మళ్ళీ తీస్తే వెనక బెంచీవాడి చెంప మీది గాటు కూడా కనపడింది. గోడ మాత్రం మరీ తెల్లగా పాలిపోయింది. పోనీండి, గోడకి ఫోటో ఎందుకు?

రీలు కెమెరాల కాలంలో ఇంకో అన్యాయం ఉండేది. రంగులు సరిచూసుకోడానికి అమెరికాలో కొడాక్ కంపెనీ 1950ల నుంచి ల్యాబులకి పంపిన షర్లీ కార్డు మీద తెల్లజాతి అమ్మాయి బొమ్మే ఉండేది. ఆమె చర్మం బాగా వస్తే ఫోటో బాగున్నట్టు! రకరకాల రంగుల మనుషులున్న కార్డులు 1990లలో గానీ రాలేదు.

ఇక రాత్రి నెగడు దగ్గర థింసా ఆడినప్పటి సంగతి. ఫ్లాష్ వేస్తే నెగడు వెలుగు చచ్చిపోతుంది. వేయకపోతే కెమెరా వెలుగు కోసం ఎక్కువసేపు కన్ను తెరిచి ఉంచుతుంది, ఈలోగా పాదాలు కదిలి పొగలా పడతాయి. అప్పుడు ఐ.ఎస్.ఓ. అంకె పెంచాలి. 100 నుంచి 200, 400, 800 అని ఒక్కో మెట్టుకీ రెండింతలు. 3200 అంటే 100 కన్నా 32 రెట్లు. అంత తక్కువ సేపు తెరిస్తే చాలు. అయితే పెంచిన కొద్దీ ఫోటోలో చుక్కలు లేస్తాయి, అచ్చం మన మెస్సులో ఉప్మా రవ్వలాగా.

సార్ 3200 పెట్టి తీసిన ఫోటో ఈ పత్రిక పక్కనే అతికించాం. రవ్వ బాగానే ఉంది. కానీ ఎవరి పాదం ఎవరిదో చూసుకోవచ్చు.