బండి వెనక బండి

మా భాయ్‌జాన్ డల్లాస్ నుంచి హ్యూస్టన్‌కి ఇల్లు మారినప్పుడు నేనక్కడే ఉన్నాను. ఆయన టొయోటా హైలాండర్‌కి కిరాయి ట్రైలర్ తగిలించాం. వీ6 ఇంజను, 5,000 పౌండ్ల దాకా లాగుతుందని దాని కితాబులో ఉంది. "ఇంకేం ఫికర్!" అన్నారాయన.

నాకా భరోసా రాలేదు. లాగడం ఒక హిసాబ్, మోయడం ఇంకో హిసాబ్. బండిలో ఏడుగురం. ఆపైన ట్రైలర్ ముక్కు కొక్కెం మీద పెట్టే వజన్ కూడా బండే మోయాలి. ట్రైలర్ సామానుతో 3,000 పౌండ్లైతే ఆ వజన్ 300 నుంచి 450 దాకా ఉండాలి. తగ్గిందా, ట్రైలర్ తోక ఊపుతుంది. అంత ఖతర్నాక్ ఇంకోటి లేదు.

ఫ్రిజ్జూ, అమ్మీ దేగ్చాల పెట్టే చిట్టచివర ఎక్కించారు. దించమన్నాను. "జల్దీ కానీ, చీకటి పడుతోంది" అని భాయ్‌జాన్ చిరాకు. నేను వినలేదు. నూటికి అరవై పాళ్ల బరువు ముందు సగంలోకి జరిపించాను. గంట పట్టింది. గొలుసులు ముక్కు కింద కత్తెరలా వేయించాను. కొక్కెం ఊడితే ముక్కు రోడ్డున పడకుండా పట్టుకునేవి అవే.

ఐ-45 మీద పెద్ద లారీ పక్కనుంచి దూసుకుపోయింది. ఆ గాలికి ట్రైలర్ ఊగింది. భాయ్‌జాన్ కాలు బ్రేకు మీదకి పోతోంది.

"నక్కో! యాక్సిలరేటర్ వదిలేయండి, స్టీరింగ్ సీదాగా పట్టుకోండి!"

వెనక అమ్మీ తస్బీ ఆగిపోయింది. మూడు ఊపుల్లో సర్దుకుంది.

హ్యూస్టన్ దాకా ఆయన ముల్లు 55 దాటనివ్వలేదు. ఎడ్లబండి నయమని భాభీ సణుగుడు.