ఏరు తీసినాక ఇనుము

తూర్పు కనుమల వారనే, వేగవతి ఒడ్డున ఉన్నది సాలూరు. ఒడిశా ఘాట్ రోడ్డుకు వాకిలి గనుక ఊరినిండా లారీలు; లారీలున్నచోట బాడీలు కట్టే షెడ్లు ఉండక తప్పదు కదా! స్పానర్ల పెట్టె, వైసు, దాగలి, లేతు మిషను - మేస్త్రీ ఆస్తి అంతా ఇదే.

కొండల్లో వాన పట్టిందంటే వేగవతి పేరు నిలబెట్టుకుంటుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగితే విజయవాడ సింగ్ నగర్‌లో రోజుల తరబడి నీరు నిలిచింది. అలాంటి నీరు షెడ్డులోకి వస్తే మిగిలేదేమిటి? చాలానే మిగులుతుంది, బురద ఎండనివ్వకపోతే. తడి ఇనుముకు గాలి తగిలాకనే తుప్పు జోరందుకుంటుంది. వెంటనే మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించాలి. బేరింగులు విప్పి కిరసనాయిలుతో కడగవలసిందే. లోపలి ఇసుక వాటిని అరగదీస్తుంది. (మన ఇంటి కుట్టుమిషనుకూ ఇదే వైద్యం.)

మోటారు దగ్గర మాత్రం తొందర పనికిరాదు. తీగచుట్టలు పూర్తిగా ఆరి, ఎలక్ట్రీషియను పరీక్షించేదాకా స్విచ్చి వేయరాదు. ఏరు వదిలినదాన్ని కరెంటు కాల్చేస్తుంది!

దాగలికి ఇంత సేవ అక్కరలేదు. కడిగి, ఎర్రగా కాలిన ఇనుము పెట్టి నాలుగు దెబ్బలు వేస్తే మళ్ళీ మెరుస్తుంది.