మేకు కొట్టని గోడలు

రైల్వే క్వార్టర్లో కాపురం పెట్టి, పిల్లల్ని కని, వాళ్ల పెళ్లిళ్లు కూడా అక్కడి నుంచే చేసినా అది సొంతిల్లు కాదు. రిటైరయ్యాక మామూలు అద్దె మీద 4 నెలలు ఉండనిస్తారు. తగిన కారణం చూపితే మరో 4 నెలలు, రెట్టింపు అద్దెకు. ఆ తర్వాత తాళంచెవి అప్పగించాల్సిందే. ఈ సంగతి ఉద్యోగంలో చేరిన రోజు నుంచే తెలిసిన మనుషులు ఇంటిని ఎలా ముస్తాబు చేసుకుంటారు? అద్దె ఇళ్ల అలంకరణ గురించి ఈమధ్య చదివే చిట్కాల్లో సగం పెద్ద నగరాల ఫ్లాట్లకే సరిపోతాయి, మిగతా సగం ఏదో ఒకటి కొనిపించడానికే పుట్టినట్టుంటాయి. అంతకంటే నూరేళ్లకు పైగా ఇచ్చేయాల్సిన ఇళ్లలోనే బతుకుతున్న మనవాళ్లను అడిగితే మంచిదనిపించింది. ఖరగ్‌పూర్ రైలెక్కాను.

హౌరాకు 115 కిలోమీటర్ల ఇవతల ఉన్న ఈ ఊరిని ఊరుగా చేసింది బెంగాల్ నాగపూర్ రైల్వే. బీఎన్ఆర్ అంటే ఇప్పటికీ పెద్దవాళ్లకు అర్థమవుతుంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇక్కడ జంక్షన్ వెలిసింది, దాని వెనకే వర్క్‌షాపు వచ్చింది. 1902లో ఈస్ట్ కోస్ట్ రైల్వే ఉత్తర భాగం బీఎన్ఆర్‌లో కలిసిపోవడంతో మన ఉత్తరాంధ్ర నుంచి ఇక్కడి దాకా అంతా ఒకే కంపెనీ లైను అయింది. ఆ లైను పట్టుకునే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి ఖలాసీలూ ఫిట్టర్లూ గ్యాంగ్‌మన్లూ వచ్చారు, తర్వాత వాళ్ల కొడుకులూ మనవలూ వచ్చారు. 2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అదనపు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు అందరి నోటా వినిపించిన పేరు ఈ ఊరిదే. గోల్‌బజార్‌లో నిలబడితే చాలు, కూరగాయల బేరంలో ఎవరో ఒకరు తెలుగులోకి దిగిపోతారు.

రైల్వే కాలనీ మథురాకాఠీలో ముందు వెళ్లింది వర్క్‌షాపు ఫిట్టర్ ఒకాయన క్వార్టరుకు. త్వరలో రిటైర్మెంటు. ఆయన డ్యూటీలో ఉన్నారు, ఇల్లు చూపించింది ఆయన భార్య. మూడో తరం ఖరగ్‌పూర్ మనిషి. పుట్టిల్లు నీంపురా, అంటే అదీ క్వార్టరే. శ్రీకాకుళం యాస చెక్కు చెదరలేదు, మధ్యమధ్య హిందీ ముక్కలు మాత్రం దొర్లుతున్నాయి.

"ఏటుంది బాబూ ఇందులో సూడ్డానికి? గవర్నమెంటోళ్ల కొంప" అంటూనే లోపలికి రమ్మన్నారు.

వాకిట్లో ఎర్రమన్నుతో అలికిన చిన్న చదరం, దాని మీద తెల్లగా చుక్కల ముగ్గు. ఇక్కడి నేలే ఎర్ర మొరం నేల. కాబట్టి మన ఊళ్లలో డబ్బిచ్చి తెచ్చుకునే ఎర్రమట్టి వీళ్లకు పెరట్లోనే దొరుకుతుంది. ఇంటాయన్ని అడగక్కర్లేదు, రైల్వేనీ అడగక్కర్లేదు. అద్దె ఇంటికి ఇంతకంటే చవకైన అలంకారం నేనైతే చూడలేదు.

లోపల ముందుగది. మూడు గోడలు ఖాళీగా ఉన్నాయి. ఒక్క గోడ మీదే ఉంది వైభవమంతా. పైన గాలి కోసం వదిలిన కిటికీకి ఇనుప ఊచలున్నాయి. ఆ ఊచలకు రెండు నూలు తాళ్లు కట్టి, కింద ఒక వెదురు కర్రను అడ్డంగా వేలాడదీశారు. కర్ర నుంచి ఒక సన్నని చాప జారుతోంది. దాని మీద చేపల పెళ్లి బొమ్మ ఉన్న పటం, చాపకు రెండు బట్టల క్లిప్పులతో తగిలించి ఉంది. అంతే. సంక్రాంతికి చాప తీసేసి వరికంకుల కుచ్చులు కడతారట. వరలక్ష్మీ వ్రతానికి పట్టుచీర. దసరాకు మనవరాలు కత్తిరించిన రంగు కాగితాల తోరణాలు. కర్ర మాత్రం అదే.

"గోడకి మేకు కొడితే?" అన్నాను.

"కొట్టి సూడండి" అని నవ్వారు.

ఆ నవ్వుకు అర్థం గోడ దగ్గరికి వెళ్లి చేత్తో తడిమితే తెలిసింది. ఏటేటా వేసిన వెల్ల పొర మీద పొరగా పేరుకుని ఉంది. అరచేయి తెల్లబడింది. ఇలాంటి గోడకు రెండువైపులా అంటుకునే టేపు వేస్తే అది గోడను పట్టుకోదు, పైనున్న సున్నపు పొరను పట్టుకుంటుంది. కాస్త బరువు తగిలేసరికి టేపూ పొరా కలిసి కిందికొస్తాయి. ఇక మేకు కొడితే ఇటుకల మధ్య ఏళ్ల చెమ్మకు మెత్తబడిన గచ్చులోకి దిగి, వదులై, ఊడి, వేలు పట్టేంత కన్నం మిగులుస్తుంది. అందుకే ఇక్కడివాళ్లు గోడ జోలికి పోరు. ఎప్పుడో ఎవరో గుమ్మానికి బిగించిన కొక్కేలు, కిటికీ ఊచలు, కప్పు నుంచి వేలాడే ఫ్యాను కొక్కెం, ఇంటితోపాటు వచ్చిన ఈ పట్టులే వీళ్ల పెట్టుబడి. కొత్త ఇంట్లో అడుగుపెట్టగానే ముందు చూసేది అవెక్కడెక్కడ ఉన్నాయనేనట.

ఆవిడ దగ్గర ఇంకో సూత్రం ఉంది: "ట్రంకు పెట్టెలో పట్టందేదీ గోడెక్కకూడదు." ట్రాన్స్‌ఫరైనా రిటైరైనా ఒక్క సాయంత్రంలో దిగిపోవాలి, పెట్టెలో సర్దుకోవాలి. నాకు చాలా ఏళ్లుగా తెలిసిన ఇంటీరియర్ పాఠాలన్నిటికంటే ఇది గట్టిదనిపించింది.

కర్టెన్ల దగ్గర కాసేపు ఆగాను. అన్నీ పాత నూలుచీరలే. చీరను కర్టెన్ చేయడం కొత్తేమీ కాదు గానీ, ఆవిడ కత్తిరించే లెక్క చూడదగ్గది. చీర పొడవు ఐదున్నర మీటర్లు. గుమ్మం ఎత్తుకు, పైన తీగ దూర్చే మడతకు, కింద అంచు మడతకు కలిపి రెండుంబావు మీటర్లు. అలాంటివి రెండు. చీర పన్నా గుమ్మం వెడల్పు కంటే ఒక మూర ఎక్కువే కాబట్టి కుచ్చిళ్లు సహజంగా పడతాయి, రెండు పక్కలా అంచు ఉండనే ఉంది, కుట్టు పని లేదు. మిగిలిన మీటరు ముక్కను పన్నా వెంట రెండుగా చీలిస్తే 16 అంగుళాల దిండు గలీబులు రెండు వస్తాయి. జిప్పు పెట్టరు, వెనక ఒకదాని మీద ఒకటి వచ్చేలా మడతేసి కుడతారు. లోపల బూరుగు దూది. పైట చెంగు ముక్క దిండు ముఖం మీదికి రావాలని ఆవిడ పట్టుదల. "సీర కట్టినావిడకి తెలియాలి కదా, ఇది తనదేనని." ఆ దిండ్లలో ఒకటి వాళ్లమ్మ చీర.

మంచం మీద పరిచిన బొంత కూడా అలాంటిదే. పాత చీరలు మూడు నాలుగు పొరలు వేసి సన్నగా పరుగుకుట్టు వేసింది. మనం బొంత అనేదాన్నే బెంగాలీలు కాంథా అంటారు. పక్క క్వార్టరు బెంగాలీ ఆవిడ దగ్గర పువ్వులూ చేపలూ కుట్టడం నేర్చుకున్నారట. పూర్వం చీర అంచు నుంచే రంగు దారం లాగి కుట్టేవారు. ఇప్పుడు దారపు ఉండలు కొంటున్నారు. ఇదే స్నేహంలో ముగ్గు అటు వెళ్లింది, ఆల్పన ఇటు వచ్చింది. నానబెట్టిన బియ్యం మెత్తగా రుబ్బి, నీళ్లు కలిపి, అందులో చిన్న గుడ్డపేలిక ముంచి, ఉంగరపు వేలి మీదుగా పిండి జార్చుతూ గీతలు గీస్తారు. మన పొడి ముగ్గు సాయంత్రానికి చెదిరిపోతుంది. ఆల్పన సిమెంటు నేల మీద ఆరి, అంటుకుని రోజుల తరబడి ఉంటుంది. తడిగుడ్డతో తుడిస్తే మాత్రం మరక మిగలదు. అందుకే ఇంటి లోపల ఆల్పన, వాకిట్లో ముగ్గు అని ఆవిడ పంపకం చేసేశారు. అలాగని సంక్రాంతి రోజు లోపల కూడా ముగ్గే. అందులో రాజీ లేదు.

వర్క్‌షాపు మనిషి ఇల్లు కదా, ఇనుప సామాను అలంకారాలేమైనా ఉంటాయేమోనని చూశాను. ఒక్క బోల్టు లేదు. అప్పటికి డ్యూటీ నుంచి వచ్చిన ఫిట్టరుగారు నా చూపు కనిపెట్టి, "1966 చట్టం ఉందండి. రైల్వే సొత్తు ఇంట్లో దొరికితే అలంకారం మాకు పెడతారు, సేతులకి" అన్నారు.

సాయంత్రం మలంచ వైపు వెళ్లాం. వాళ్లమ్మాయి అక్కడ ప్రైవేటు ఇంట్లో అద్దెకుంటోంది. ఇక్కడ గోడలకు ప్లాస్టిక్ పెయింటు, ఇంటి యజమాని కిందనే ఉంటాడు. ఆ అమ్మాయి మొదట్లో వెనక జిగురున్న వాల్‌పేపర్ చుట్టలు తెప్పించి ఒక గోడంతా అతికించింది. మొదటి వానాకాలం దాటలేదు. చెమ్మకు మూలలు లేచాయి, పీకితే పెయింటు పెచ్చులుగా ఊడింది, గోడకు మళ్లీ రంగు వేయించడానికి అడ్వాన్సులోంచి కోత పడింది. ఈ వాల్‌పేపర్ల మీద నాకు ముందు నుంచీ సదభిప్రాయం లేదు. ఏసీ గదుల్లో, ఎండు గాలి ఉన్న ఊళ్లలో నిలుస్తాయేమో గానీ సముద్రం పక్క జిల్లాల్లో, ఇక్కడిలాంటి తడి ఊళ్లలో డబ్బు దండగ. మచిలీపట్నంలోనో కాకినాడలోనో అద్దెకుండేవాళ్లూ ఇది గుర్తుంచుకోవాలి. ఇప్పుడా గోడకు ముందు వాళ్లమ్మ ఇంట్లోలాగే ఒక వెదురు కర్ర వేలాడుతోంది, సబంగ్ చాపతో.

ఆ చాప గురించి చెప్పాలి. పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోనే ఉన్న సబంగ్ ప్రాంతంలో మాదుర్ కాఠీ అనే ఒక తుంగజాతి గడ్డి పండిస్తారు. కాడను నిలువునా చీల్చి, ఎండబెట్టి, నేసే ముందు మళ్లీ నీళ్లలో నానబెడతారు. నిలువున నూలు పడుగు, అడ్డంగా గడ్డి పేక. మామూలు చాప వందల్లో దొరుకుతుంది. పళ్లతో పట్టి వెంట్రుకంత సన్నగా చీల్చి నేసే మస్లంద్ మాత్రం వేలల్లోనే, అది నేలమీద పరిచేది కాదు. అద్దె ఇంట్లో ఈ చాప చేయని పని లేదు. గోడ మరకలు దాస్తుంది. కిటికీకి కడితే ఎండ ఆపుతుంది. ఒకే గదిలో ఉండేవాళ్లకు వంట మూలనూ పడక మూలనూ విడదీస్తుంది. ఒక్క జాగ్రత్త: గోడకు ఆనించొద్దు, అంగుళం ఎడం ఉంచాలి. లేదంటే వానాకాలం బూజు పడుతుంది. కర్ర మీద వేలాడదీయడంలో ఉన్న తెలివి ఇదే. కాస్త ఎండ కనిపించిన రోజు విప్పి ఆరేస్తారు.

మర్నాడు పింగ్లా దగ్గర నయా గ్రామానికి వెళ్లాను. చేపల పెళ్లి పటం పుట్టింది అక్కడే. ఈ పటాలు గీసేవాళ్లను పటువాలంటారు. ఊరంతా చిత్రకర్ ఇంటిపేరు వాళ్లే. ఎక్కువమంది ముస్లింలు, పాడేది మనసా దేవి కథ, రాముడి కథ కూడా. పటం విప్పుతూ ఒక్కో గడి చూపిస్తూ పాడటం వాళ్ల వృత్తి. చుట్టి చంకన పెట్టుకుని ఊరూరా తిరగడానికే పుట్టిన బొమ్మ కాబట్టి చట్రం అక్కర్లేదు, అద్దం అక్కర్లేదు. మన చేర్యాల నకాషీ పటాలదీ ఇదే పుట్టుక.

ఒక ఇంటి అరుగు మీద ఒకావిడ రంగులు కలుపుతుంటే చాలాసేపు కూర్చున్నాను. కొబ్బరిచిప్పల వరస ఉంది. శంఖుపువ్వుల రసం నీలం, పసుపు కొమ్ముది పసుపు, జాఫ్రా గింజలది ఎరుపు, దీపం మసి నలుపు. ప్రతి చిప్పలోనూ మారేడుకాయ జిగురు కలుపుతోంది. అదే రంగును కాగితానికి పట్టి ఉంచేది. బొమ్మ పూర్తయ్యాక కాగితం చిరగకుండా వెనక గుడ్డ అతికించి ఎండలో పెట్టింది. తిరగేసి చూపించింది: పాత చీర ముక్క.

చిన్న చదరపు పటాలు జేబుకు అందుబాటులోనే ఉంటాయి. ఇంట్లో పిల్లలుంటే ఈ రంగుల్లో మూడు ఇంట్లోనే చేసుకోవచ్చు. పసుపు, శంఖుపువ్వు, మసి. మారేడు దొరక్కపోతే తుమ్మజిగురు పనికొస్తుంది.

తిరిగొస్తూ ఐఐటీ మీదుగా వచ్చాను. 1951లో హిజిలీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన ఈ సంస్థలో హాస్టల్ పిల్లలు కూడా ఒకరకంగా అద్దె మనుషులే. దీపావళికి వాళ్లు వెదురు బద్దలతో మేడంత ఎత్తు తడికలు కట్టి, తీగ కొక్కేలకు వేల మట్టి ప్రమిదలు అమర్చి, లైట్లన్నీ ఆర్పేసి బొమ్మలు వెలిగిస్తారు. మర్నాటికి విప్పేస్తారు. అక్కడా వెదురే, అక్కడా గోడకు దెబ్బ లేదు.

సబంగ్ చాపకూ బెంగాల్ పటచిత్రానికీ 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రెండు ఊళ్లకూ హౌరా–ఖరగ్‌పూర్ లైనులో బాలిచక్ స్టేషన్లో దిగి రోడ్డు పట్టాలి. నయాలో ఏటా నవంబరులో పట్ మాయా అనే ఉత్సవం చేస్తారు, అప్పుడైతే ఊరి గోడలన్నీ బొమ్మలే. హౌరా వెళ్లే పనుంటే ఒకరోజు కలుపుకుని దిగండి. నగరం దుకాణంలో కాకుండా గీసినవాళ్ల దగ్గరే, నేసినవాళ్ల దగ్గరే కొనండి. దయచేసి బేరమాడకండి, మామూలు చాపకూ చిన్న పటానికీ వాళ్లు చెప్పే ధర వాల్‌పేపర్ చుట్ట కంటే ఎక్కువేం ఉండదు.